కలిసి పాడని యుగళగీతాలు

విజయవాడ రాఘవయ్య పార్కులో పొద్దున్నే నడిచే మా గుంపులో ఈమధ్య గొడవ రాజకీయాల మీద రాలేదు, ఒక పాట మీద వచ్చింది. రిటైరైన లెక్కల మాస్టారు ఒకాయన ఫోన్ తీసి వినిపించారు. మొన్నమొన్న వచ్చిన సినిమాలోని డ్యూయెట్. పాడుతున్నది మాత్రం ఘంటసాల, సుశీల! ఎవరో ఏఐతో చేసి వాట్సాప్‌లో వదిలారు. "అబ్బ, అచ్చం ఆయన గొంతే" అని సగం మంది మురిసిపోయారు. "1974లో పోయిన మనిషి చేత ఇప్పుడు పాడించడమేంటండీ, తప్పు కదూ" అని మిగతా సగం. నడక ఆగిపోయింది. ఇడ్లీ బండి దగ్గరకి వెళ్లినా వాదన తెగలేదు.

ఈ తగువు కోర్టుల దాకా కూడా వెళ్లింది. 2024లో ఏ.ఆర్. రెహమాన్ ఒక తమిళ సినిమా పాట కోసం, చనిపోయిన ఇద్దరు గాయకులు బంబా బాక్యా, షాహుల్ హమీద్‌ల గొంతుల్ని ఏఐతో తెప్పించారు. కుటుంబాల అనుమతి తీసుకున్నామని, ప్రతిఫలం ఇచ్చామని చెప్పారు. ఇంచుమించు ఆ రోజుల్లోనే, తన తండ్రి ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గొంతును అడగకుండా వాడుకున్నారంటూ చరణ్ ఒక తెలుగు సినిమా బృందానికి లీగల్ నోటీసు పంపారు. అదే ఏడాది జూలైలో అరిజిత్ సింగ్ వేసిన కేసులో, ఆయన గొంతును ఏఐతో పుట్టించి వాడుకోవడాన్ని బొంబాయి హైకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో ఆపింది.

ఇదంతా ఏఐ తెచ్చిన తంటాలాగే కనిపిస్తుంది. కానీ ఇద్దరు గాయకులు ఒకరి మొహం ఒకరు చూసుకోకుండానే జంటపాట తయారవడం చాలా ఏళ్ల కిందే మొదలైంది. అంతకు ముందు ఎలా ఉండేదో తెలుసుకోవాలంటే దూరం వెళ్లక్కర్లేదు. ఆ కథలో పెద్ద భాగం మన కృష్ణా, గుంటూరు జిల్లాల మీదుగానే నడిచింది.

కూచిపూడి భామాకలాపంలో సత్యభామకి ఎదురుగా చెలికత్తె మాధవి లేకపోతే ఆట లేదు. ఒకరు అడగాలి, ఒకరు చెప్పాలి. ఆ తర్వాత వచ్చిన పద్యనాటకంలో ఈ ఎదురు పాట పోటీగా మారింది. బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు, గుంటూరు జిల్లా సుద్దపల్లిలో పుట్టిన ఈలపాట రఘురామయ్య ఆ రంగస్థలం తయారుచేసిన గాయక నటులు. కాంట్రాక్టు నాటకాల్లో ఒక్కో వేషానికి ఒక్కో పేరున్న నటుణ్ణి విడివిడిగా మాట్లాడుకునేవారు. రిహార్సల్ అంటూ ఉండేది కాదు. రైలు దిగి, రంగు పూసుకుని, నేరుగా స్టేజీ ఎక్కడమే. ఒకే నాటకంలో ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు ఉండేవాళ్లు. ఎదుటివాడు పద్యం చివర రాగం ఎక్కడిదాకా లాగుతాడో తెలియదు. అతను వదిలిన చోట అందుకోవాలి, హార్మోనియం వాయించేవాడే దిక్కు. కింద నుంచి "వన్స్ మోర్" అని కేక వచ్చిందంటే అది ఒకరికి పొగడ్త, రెండోవాడికి సవాలు.

రేడియో వచ్చాక పోటీ తగ్గి పొందిక పెరిగింది. ఆకాశవాణి విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. మంగళంపల్లి బాలమురళీకృష్ణ, ఓలేటి వెంకటేశ్వర్లు, శ్రీరంగం గోపాలరత్నం, బాలాంత్రపు రజనీకాంతరావు లాంటి వాళ్లు ఒకే కేంద్రంలో పనిచేశారంటే ఇప్పుడు నమ్మడం కష్టం. పొద్దున్నే వచ్చే భక్తిరంజని కోసం జనం రేడియో పెట్టుకునే నిద్ర లేచేవాళ్లు. తొలి రోజుల్లో రేడియో పాటంటే చాలావరకు అప్పటికప్పుడు పాడి గాలిలోకి వదిలేదే. పక్కవాడు తడబడితే నువ్వు కప్పిపుచ్చాలి. తప్పు దిద్దుకునే రెండో అవకాశం లేదు కాబట్టి పక్క గొంతును వినడమే సగం విద్య అయింది.

ఇక్కడ ఒక గురుపరంపర గురించి కొంచెం ఆగి చెప్పుకోవాలి. దివిసీమ వైపు పెదకళ్లేపల్లిలో సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి అనే విద్వాంసుడు ఉండేవారు. ఆయన శిష్యుడు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు. విజయవాడలో పంతులుగారి దగ్గర చేరిన కుర్రాడే బాలమురళి. ఎనిమిదేళ్ల వయసులో ఇదే ఊళ్లో త్యాగరాజ ఆరాధనలో కచేరీ చేశాడు. ఇక ఆ శాస్త్రిగారి మనవడు, అదే పేరున్న సుసర్ల దక్షిణామూర్తి, సినిమాల్లోకి వెళ్లి సంగీత దర్శకుడయ్యారు. 1963లో నర్తనశాలకి సంగీతం ఇస్తూ, బృహన్నల ఉత్తరకు ఆట నేర్పే పాట 'సలలిత రాగ సుధారస సారం' కోసం బాలమురళిని పిలిచారు, ఆడగొంతుకి బెంగళూరు లత. అంటే తాతగారి శిష్యుడి శిష్యుడి చేత మనవడు పాడించుకున్నాడన్నమాట. పాటలో కూడా గురువూ శిష్యురాలే. ఆవిడ స్వరం ఎత్తుకునేదాకా ఆయన గొంతు కాచుకుని ఉండటం చెవికి తెలుస్తుంది. (ఈ సుసర్లవారే 1955లో సంతానం సినిమాకి లతా మంగేష్కర్ చేత మొదటిసారి తెలుగులో పాడించారు. ఆ సంగతి మా గుంపులో ఎవరికీ తెలియదు, నేను చెప్పాక కూడా ఇద్దరు నమ్మలేదు.)

బాలమురళి తర్వాత భీమ్‌సేన్ జోషీతో జుగల్బందీలు చేశారు. అదీ జంటగానమే, కాకపోతే మన కర్ణాటకం, వాళ్ల హిందుస్తానీ అనే రెండు సంప్రదాయాల మధ్య. మన హిందోళం వాళ్లకి మాల్కౌన్స్, మన మోహనం వాళ్లకి భూప్. స్వరాలు ఒకటే, నడక వేరు. అలాంటి చోట ఇద్దరూ ఎదురెదురుగా కూర్చోకుండా కుదరదు. ఆయన పక్కాగా ఏం పాడతాడో ఈయనకి ముందు తెలియదు కదా.

సినిమాకి వస్తే, మద్రాసులో ఆ రోజుల్లో పాట రికార్డింగంటే వాద్యబృందం, గాయకులు అందరూ ఒకే థియేటర్లో. ఎవరు తప్పు చేసినా మళ్లీ మొదటి నుంచి. డ్యూయెట్ అయితే ఇద్దరికీ కలిపి ఒకే మైకు ఉండే సందర్భాలే ఎక్కువ. తన వంతు అయ్యాక అర అడుగు వెనక్కి జరగాలి, మళ్లీ సమయానికి ముందుకి రావాలి. పైగా శ్రుతి గొడవ, అంటే పాట ఆధార స్వరం ఎంత ఎత్తులో ఉండాలన్నది. మగవాళ్లకి ఒకటి, ఒకటిన్నర, రెండు శ్రుతులు హాయి. ఆడవాళ్లకి ఐదు, ఐదున్నర. పాట ఒక్కటే కాబట్టి ఎవరో ఒకరు ఇబ్బంది పడాల్సిందే. ఎవరి చరణం ఎక్కడ ఎత్తాలో, కలిసి పాడే పల్లవి ఎంత పైన ఉండాలో చూసుకోవడంలోనే సంగీత దర్శకుడి ప్రతిభ ఉండేది. 1957లో మాయాబజార్ కోసం ఘంటసాల, పి. లీల పాడిన 'లాహిరి లాహిరి' ఇప్పటికీ అంత హాయిగా వినిపించడానికి వెన్నెల ఒక్కటే కారణం కాదు. ఘంటసాలది గుడివాడ దగ్గర చౌటపల్లి, లీలది కేరళ. యాసలు రెండూ ఎక్కడా గుద్దుకోవు. ఏ.ఎం. రాజా, జిక్కీ పాటలోనే కాదు, ఇంట్లోనూ జంటే. హాస్యానికైతే బాపట్ల వైపు బ్రాహ్మణకోడూరు మాధవపెద్ది సత్యం, పిఠాపురం నాగేశ్వరరావు జోడీ ఉండాల్సిందే. కులగోత్రాలు సినిమాలో పేకాటలో డబ్బులు పోగొట్టుకుని ఏడ్చే పాట, అప్పికట్ల కొసరాజు రాసింది, వాళ్లిద్దరే పాడారు. నవ్వును ఒకరి నుంచి ఒకరు అందుకోవడం పద్యాన్ని అందుకోవడం కన్నా కష్టం, నన్నడిగితే.

1951 నాటి మల్లీశ్వరిలో నాయిక రాణివాసంలో, బావ ఎక్కడో దూరాన. ఇద్దరూ మేఘంతో మొరపెట్టుకుంటారు. కథలో విడిపోయిన వాళ్లిద్దరికీ భానుమతి, ఘంటసాల ఒకే పాటలో గొంతులిచ్చారు. ఇప్పుడు తెర మీద హీరో హీరోయిన్లు ఒకరినొకరు వదలరు, పాడినవాళ్లు మాత్రం ఒకరు చెన్నైలో, ఒకరు ముంబైలో.

బాలు మొదటి సినిమా పాట 1966 డిసెంబరు 15న రికార్డయింది. సినిమా శ్రీశ్రీశ్రీ మర్యాదరామన్న, సంగీతం ఎస్.పి. కోదండపాణి. కొత్త కుర్రాడి పక్కన ఆ పాటలో ఉన్నది సుశీల, పి.బి. శ్రీనివాస్, ఇంకా మన ఈలపాట రఘురామయ్య. అరవై దాటిన నాటకాల మనిషి, ఇరవై ఏళ్ల ఇంజనీరింగ్ కుర్రాడు ఒకే పాటలో! కాంట్రాక్టు నాటకం నుంచి కొత్త తరానికి వంతెన వేయడానికి ఇంతకన్నా ఏం కావాలి.

కలిసి నిలబడి పాడాలంటే కలిసి ఉండాలి కూడా. 1960ల్లో రాయల్టీ విషయంలో మాట తేడా వచ్చి లతా మంగేష్కర్, మహమ్మద్ రఫీ కొన్నేళ్లు డ్యూయెట్లు పాడటం మానేశారు. ఆ ఖాళీలో రఫీ పక్కన సుమన్ కల్యాణ్‌పూర్ చాలా పాటలు పాడారు. ఇవాళైతే ఆ కోపానికి అంత విలువే ఉండదు. ఆవిడ సోమవారం వచ్చి పాడి వెళ్తారు, ఆయన గురువారం వస్తారు. పాట బయటికొచ్చేసరికి ఇద్దరూ ప్రేమలో మునిగి ఉంటారు.

ఆ సౌకర్యం తెచ్చింది ట్రాక్ పద్ధతి. వాద్యాలు ఒక ట్రాక్, గొంతులు ఒక్కొక్కటీ ఒక్కో ట్రాక్. ముందు ట్రాక్ సింగర్ పాడి పెడతాడు, అసలు గాయకుడు తీరిక చూసుకుని వచ్చి దాని మీద పాడతాడు. 1980ల నుంచి ఇది ఊపందుకుంది, కంప్యూటర్ వచ్చాక వేరే పద్ధతే లేకుండా పోయింది. బాలు, జానకి జంట సరిగ్గా ఈ రెండు కాలాల మధ్య నిలబడింది. శంకరాభరణం 1980లో వచ్చింది. దర్శకుడు కె. విశ్వనాథ్‌ది అప్పటి రేపల్లె తాలూకా పెదపులివర్రు. జానకిదీ అదే తాలూకా, పల్లపట్ల. పాటలు రాసిన వేటూరిది మళ్లీ పెదకళ్లేపల్లి! కృష్ణానదికి ఆ ఒడ్డున ఒకరు, ఈ ఒడ్డున ఇద్దరు.

ట్రాక్ పద్ధతిని తిట్టడం నాకు ఇష్టం లేదు. దానివల్ల గాయకుడికి తప్పు దిద్దుకునే వీలొచ్చింది, దూరాన ఉన్నవాళ్ల చేత పాడించే వీలొచ్చింది. అయితే గొంతు మనిషి నుంచి విడిగా, అతికించడానికి సిద్ధంగా ఉన్న సరుకైంది కూడా అప్పుడే. అమెరికాలో 1965లో చనిపోయిన నాట్ కింగ్ కోల్ పాత రికార్డింగుకి 1991లో ఆయన కూతురు నటాలీ తన గొంతు జోడించి డ్యూయెట్ చేసింది. కూతురు కాబట్టి జనం కళ్లు తుడుచుకున్నారు. దారి మాత్రం తెరుచుకుంది. స్మ్యూల్ లాంటి యాప్‌లొచ్చాక సగం పాట గుంటూరులో ఒకరు పాడి పెడితే, మిగతా సగం ఏ దేశంలోనో ఇంకెవరో పూరిస్తున్నారు. మనిషెవరో తెలియదు, డ్యూయెట్ పూర్తి.

కరావోకే సంగతి నాకు సొంత అనుభవమే. గుంటూరులో ఒక చిన్న హాల్లో నేనూ, దూరపు బంధువైన ఒక వదినగారూ పాత డ్యూయెట్ ఎత్తుకున్నాం. ట్రాక్ సినిమా శ్రుతిలో ఉంది, నాకు అందలేదు. చరణం దగ్గర వదినగారు నా కోసం ఆగారు. ట్రాక్ ఆగలేదు. ఆవిడ నన్ను చూసి నవ్వారు, హాలంతా కూడా నవ్వింది. అదే హార్మోనియం అయితే ఇంకో చుట్టు తిప్పి నన్ను ఎక్కించుకునేది.

ఏఐ దగ్గరికొచ్చేసరికి ఆ మిగిలిన సగం గొంతు కూడా ఎవరూ పాడక్కర్లేదు. పాత రికార్డింగులు వింటే చాలు, యంత్రం గొంతు నేర్చుకుంటుంది. చట్టం మాత్రం ఇంకా వెనకే ఉంది. 2012 కాపీరైటు సవరణ గాయకులకి రాయల్టీలో వాటా చెప్పింది గానీ, గొంతు మీద హక్కు అంటూ మన దేశంలో ప్రత్యేక చట్టం లేదు. అరిజిత్ సింగ్ బతికున్నారు, స్వయంగా కోర్టుకెళ్లారు. చనిపోయినవాళ్ల విషయం వేరు. సుశాంత్ సింగ్ రాజ్‌పుత్ మీద తీసిన సినిమా కేసులో 2023లో ఢిల్లీ హైకోర్టు, అలాంటి హక్కులు మనిషితోనే పోతాయని, వారసులకి రావని అంది. మరి ఘంటసాల గొంతు సంగతి? విజయవాడలో ఆయన పేరుతో ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల ఉంది, విగ్రహం ఉంది. అనుమతి అడగాలంటే ఎవరిని అడగాలో మా పార్కులో ఎవరూ చెప్పలేకపోయారు. ఒక లాయరుగారు కూడా ఉన్నారు మా గుంపులో, ఆయన ఇడ్లీ తినడంలో మునిగిపోయారు.

మర్నాడు మాస్టారు ఇంకో పాట పెట్టారు. ఘంటసాల, బాలు కలిసి పాడుతున్నారు. వసంత రాత్రుల గురించి పాట, పెద్దాయన గొంతు నిండుగా, కుర్రాడి గొంతు కొంచెం బెదురుగా. మా గుంపులో అందరికన్నా చిన్నవాడు, బ్యాంకు ఉద్యోగి, వాకింగ్ ఆపి విన్నాడు.

"బాగా చేశాడండీ, ఇది ఏ యాప్?" అన్నాడు.

అది 1969 నాటి ఏకవీర పాట. ఆ నవల రాసిన విశ్వనాథ సత్యనారాయణ ఇల్లు ఈ ఊళ్లోనే ఉంది. మాస్టారు ఆ సంగతి చెబితే, కుర్రాడు ఫోన్ అడిగి తీసుకుని, మొదటి నుంచి మళ్లీ పెట్టాడు.