బాలామృతం ఇంటికి చేరింది, ఆట చేరలేదు

మీ ఊరి అంగన్‌వాడీకి పొద్దున ఏ పదకొండింటికో వెళ్లి చూడండి. మూడేళ్లు దాటిన పిల్లలు చాప మీద కూర్చుని పాటో, అన్నమో, అల్లరో ఏదో ఒకటి నడుస్తూ ఉంటుంది. ఏడాదిన్నర పిల్లాడు మాత్రం కనపడడు. వాడి పేరు రిజిస్టర్లో ఉంటుంది, బరువు రాసి ఉంటుంది, రెండున్నర కిలోల బాలామృతం (పసిపిల్లలకిచ్చే పోషకాహార పొడి) ప్యాకెట్ తీసుకున్నట్టు వాళ్లమ్మ సంతకం ఉంటుంది, వాడు మాత్రం ఇంట్లో ఉంటాడు. మెదడు అన్నిటికంటే జోరుగా పెరిగే వయసులో వాడి వాటాకి తూకం, టీకా, ప్యాకెట్ తప్ప ఇంకేమీ ఎందుకు రాలేదో తెలియాలంటే చాలా వెనక్కి వెళ్లాలి.

ఆంగన్ అంటే ముంగిలి. 1940ల్లో మహారాష్ట్ర తీరంలోని బోర్డిలో తారాబాయి మోడక్, ఆమెతో అనుతాయి వాఘ్, బడికి రాలేని పేద పిల్లల ముంగిళ్లలోకే బాలవాడిని, అంటే చిన్నపిల్లల బడిని, తీసుకెళ్లారు, ఆ ఆలోచన నుంచే ఈ పేరు. మన రాజమండ్రి ఆడపడుచు దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలయ్యాక ఊళ్లలో బాలవాడీలకు సర్కారు డబ్బు అందడం మొదలైంది. అయితే ఇవన్నీ నడిచి రాగలిగిన, పాట అందుకోగలిగిన పిల్లల కోసం. చంకలో పిల్ల సంగతి అమ్మే చూసుకోవాలి, అమ్మ కూలికి పోతే అక్క చూసుకోవాలి (ఆ అక్క బడి మానేసేది, అదింకో పెద్ద కథ).

1975 అక్టోబర్ 2న 33 ప్రాజెక్టులతో సమగ్ర శిశు అభివృద్ధి పథకం, అదే ఐసీడీఎస్, మొదలైనప్పుడు కూడా ఈ గీత చెరగలేదు. పథకంలో ఆరు సేవలు. అందులో ఆటపాటలతో నేర్పడం మూడు నుంచి ఆరేళ్ల వాళ్లకే రాసిపెట్టారు. మూడేళ్ల లోపు వాళ్లకు తిండి, టీకా, వైద్య పరీక్ష, తల్లికి నాలుగు మంచి మాటలు. దీన్ని తప్పు పట్టడం తేలికే కానీ, అప్పుడు కళ్ల ముందున్నది ఆకలి, పిల్లల చావులు. ముందు బతకాలి కదా అనుకున్నారు.

తిండి వృథా పోలేదు కూడా. 1987-90 మధ్య హైదరాబాద్ చుట్టుపక్కల 29 పల్లెల్లో జాతీయ పోషకాహార సంస్థ ఒక అధ్యయనం చేసింది. ఐసీడీఎస్ ఉన్న 15 ఊళ్లలో గర్భిణులకు, చిన్నపిల్లలకు రోజూ పోషకాహారం అందింది, ఇంకా పథకం రాని 14 ఊళ్లతో పోల్చారు. ఆ పిల్లలు 13 నుంచి 18 ఏళ్ల వాళ్లయ్యాక మళ్లీ కొలిస్తే సుమారు 14 మిల్లీమీటర్లు ఎక్కువ ఎత్తున్నారు. చూడ్డానికి అదెంత అనిపిస్తుంది కానీ, షుగర్‌కీ గుండెజబ్బుకీ దారితీసే సూచనలు కూడా వాళ్లలో తక్కువగా కనిపించాయి. మన పల్లెల్లో పుట్టిన ఈ ఫలితం మనవాళ్లలో ఎంతమందికి తెలుసో!

దాదాపు అదే సమయంలో, 1986-87లో, జమైకాలోని కింగ్‌స్టన్‌లో ఎదుగుదల లేని 129 మంది పసివాళ్లతో ఇంకో ప్రయోగం మొదలైంది. కొందరికి పాలపొడి ఆహారం ఇచ్చారు, కొందరికి ఆట, కొందరికి రెండూ, కొందరికి ఏదీ లేదు. ఆట అంటే పెద్ద హంగామా ఏమీ కాదు, వారానికోసారి ఆరోగ్య కార్యకర్త ఇంటికొచ్చి గంటసేపు ఇంట్లో చేసిన బొమ్మలతో తల్లీబిడ్డల్ని ఆడించేది, బిడ్డతో ఎలా మాట్లాడాలో చూపించేది. అలా రెండేళ్లు. ఆ పిల్లలు 22 ఏళ్ల వాళ్లయ్యాక చూస్తే, ఆట అందినవాళ్ల సంపాదన అందనివాళ్ల కంటే 25 శాతం ఎక్కువ. తిండి మాత్రమే అందినవాళ్లలో అలాంటి తేడా నిలవలేదు.

మన దగ్గర ఆ తర్వాత నడిచిందంతా సంఖ్య పెంచే పోరాటమే. 2001లో పౌర హక్కుల సంస్థ పీయూసీఎల్ వేసిన ఆహార హక్కు కేసులో సుప్రీంకోర్టు గట్టిగా పట్టుకుంది, 2006 డిసెంబర్లో 14 లక్షల కేంద్రాలు తెరవాల్సిందేనని గడువు పెట్టింది. 2013 ఆహార భద్రతా చట్టం ఆరు నెలల నుంచి పిల్లల తిండిని హక్కు చేసింది. ఇవి చిన్న విజయాలు కావు. కానీ చంటిపిల్లల విషయానికొచ్చేసరికి ఆ హక్కు కూడా ఇంటికి తీసుకెళ్లే ప్యాకెట్ రూపంలోనే వచ్చింది.

గోధుమలు, శనగపప్పు, పాలపొడి, పంచదార, నూనె కలిసిన ఆ పొడి, తెలంగాణలోనైతే నాచారం ఫ్యాక్టరీలో తయారయ్యేది, ఇంటికి చేరాక ఎవరు తింటారో అందరికీ తెలుసు. ఉండలు చేసి పెడితే బడికెళ్లే అన్నకు రెండు, తాతకు ఒకటి. దానికి తల్లిని అనేదేముంది? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆరు నుంచి 23 నెలల పిల్లల్లో సరిపడా ఆహారం అందుతున్నది దేశం మొత్తం మీద 11.3 శాతానికే. వయసుకు తగ్గ ఎత్తు లేని పిల్లలు ఆంధ్రప్రదేశ్‌లో 31.2 శాతం. తెలంగాణలో అంతకుముందు సర్వేలో 28 ఉన్నది 33.1కి పెరిగింది.

చివరికి 2024లో కేంద్రం నవచేతన పేరుతో పుట్టినప్పటి నుంచి మూడేళ్ల వరకు పిల్లలకు నెలవారీగా 140 ఆటలు, పనులు రాసిచ్చింది. అంటే 1975లో వదిలేసిన ఖాళీ దాదాపు యాభై ఏళ్లకు కాగితం మీద నిండింది. మరి ఇళ్లకు వెళ్లి చూపించేది ఎవరు? అదే టీచర్. వంట చూసుకుని, బరువులు తూచి, ఫోన్లో యాప్ నింపి, మిగిలిన టైంలో. జీతం పెంచమని ఆంధ్రప్రదేశ్ అంగన్‌వాడీలు 2023 డిసెంబర్ నుంచి 42 రోజులు సమ్మె చేస్తే మధ్యలో సమ్మెల్ని నిషేధించే ఎస్మా చట్టం ప్రయోగించారు, అప్పటికి వాళ్లకొచ్చేది నెలకు 11,500.

పసివాణ్ని పగలంతా చూసుకునే చోటు కూడా ఇప్పుడు పథకంలో ఉంది. పాల్నా అనే కేంద్ర పథకం కింద 17,000 అంగన్‌వాడీల్లో క్రెష్‌లు పెట్టాలని లక్ష్యం. దేశంలో అంగన్‌వాడీలు దాదాపు 14 లక్షలు, అంటే ఆ లక్ష్యం మొత్తం నెరవేరినా ఎనభై కేంద్రాలకు ఒకటి.