పొగ కనిపించకపోయినా మసి ఉంటుంది

భూమి మీద లారీ వదిలిన పొగకు ఆకాశమంతా చోటుంది. గనిలో అదే ఇంజన్ వదిలిన పొగకు మిగిలేది ఇరుకైన సొరంగం మాత్రమే. అక్కడ గాలి దానంతట అది వీయదు. ఒక దారిన ఫ్యాన్లు తోస్తే లోపలికి వస్తుంది, మరో దారిన లాగితే బయటికి పోతుంది. రాయి తవ్వే కొస దగ్గరికి వచ్చేసరికి ఆ ప్రవాహం బాగా నీరసిస్తుంది. సరిగ్గా అక్కడే భారీ లోడర్లు, పేల్చిన రాతిని ఎత్తుకుంటూ షిఫ్టు పొడవునా ముందుకూ వెనక్కూ తిరుగుతుంటాయి. అందుకే డీజిల్ పొగ బారిన అత్యధికంగా పడేవారిలో భూగర్భ గని కార్మికులు ముందు వరుసలో ఉంటారు.

ఇంజన్ నుంచి నల్లటి పొగ రాకపోతే అంతా బాగున్నట్టే అనుకోవడం సహజం. కానీ కంటికి కనిపించే నలుపు, మసి మరీ దట్టంగా ఉందనడానికి మాత్రమే గుర్తు. డీజిల్ మసి కణాల్లో చాలా వాటి పరిమాణం మైక్రాన్‌లో పదో వంతు కంటే తక్కువ (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). వీటిని ముక్కు, గొంతు ఆపలేవు. అవి ఊపిరితిత్తుల చివరనున్న గాలి గదుల దాకా వెళ్తాయి. ఒక్కో కణానికి నడుమ కార్బన్ ఉంటుంది. పూర్తిగా కాలని ఇంధనం, నూనె ఆవిరుల అవశేషాలు, గంధకపు సమ్మేళనాలు, లోహపు జాడలు దాని ఉపరితలానికి అంటుకుని ఉంటాయి. క్యాన్సర్ కారకాలుగా పేరుబడ్డ బహువలయ హైడ్రోకార్బన్లు కూడా ఆ పొరలోనే ఉంటాయి. కణాలతో పాటే కార్బన్ మోనాక్సైడ్, నైట్రోజన్ ఆక్సైడ్లు వంటి వాయువులు వెలువడతాయి. కళ్ల మంట, తలనొప్పి, దగ్గు ఆ పూటకే తెలుస్తాయి. క్యాన్సర్ బయటపడటానికి మాత్రం దశాబ్దాలు పట్టవచ్చు.

ఈ ఆలస్యమే పరిశోధకులకు పెద్ద చిక్కు. గని కార్మికుడికి ఊపిరితిత్తుల క్యాన్సర్ వస్తే కారణం డీజిల్ పొగేనని ఎలా తేల్చాలి? గనుల్లో సిలికా ధూళి ఉంటుంది, రాళ్ల నుంచి వెలువడే రేడియోధార్మిక రేడాన్ వాయువు ఉంటుంది. పైగా చాలామందికి సిగరెట్ అలవాటు. ఇవన్నీ అదే జబ్బుకు దారితీస్తాయి. అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ, ఆ దేశపు వృత్తి భద్రత, ఆరోగ్య పరిశోధన సంస్థ కలిసి ఈ ముడి విప్పడానికి గనుల ఎంపికతోనే మొదలుపెట్టాయి. పొటాష్, ట్రోనా (సోడా తీసే ఖనిజం), సున్నపురాయి, ఉప్పు తవ్వే 8 గనులను తీసుకున్నాయి. అక్కడ రేడాన్, సిలికా, ఆస్‌బెస్టాస్ బెడద తక్కువ, డీజిల్ యంత్రాల వాడకం ఎక్కువ. ఈ గనుల్లో పనిచేసిన 12,315 మంది ఆరోగ్య చరిత్రను తిరగేశారు. వెనకటి ఏళ్లలో గాలిలో ఎంత మసి ఉండేదో ఎవరూ కొలవలేదు కాబట్టి, పాత తనిఖీ రికార్డుల్లోని కార్బన్ మోనాక్సైడ్ లెక్కల ఆధారంగా దాన్ని అంచనా కట్టారు. ఇందులో నాకు బాగా నచ్చిన పనితనం ఇదే.

ఫలితాలు 2012 మార్చిలో వెలువడ్డాయి. పొగ అత్యధికంగా పీల్చిన కార్మికులు ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో చనిపోయే అవకాశం, అతి తక్కువగా పీల్చినవారితో పోలిస్తే దాదాపు 3 రెట్లు. సిగరెట్ తాగనివారిని మాత్రమే విడిగా చూస్తే ఆ తేడా 7 రెట్లకు చేరింది. నేరం సిగరెట్ మీదికి నెట్టేవారికి అంతకంటే సూటి జవాబు ఉండదు. అదే ఏడాది జూన్‌లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ డీజిల్ పొగను మొదటి వర్గంలో, అంటే మనుషులకు క్యాన్సర్ కలిగిస్తుందని రుజువైన వాటి జాబితాలో చేర్చింది. 1988 నుంచి అప్పటిదాకా అది ‘బహుశా కలిగించవచ్చు’ అన్న వర్గంలోనే ఉంది. ఆ రెండు మాటల మధ్య 24 ఏళ్లు గడిచాయి.

ప్రమాదం తేలాక గాలిలో మసిని రోజువారీగా కొలవాలి. ఇదీ తేలిక పని కాదు. డీజిల్ పొగ ఒకే పదార్థం కాదు, వందల పదార్థాల కలగలుపు. అందుకని దాన్నంతా కొలవకుండా మసి నడుమనున్న కార్బన్‌ను, అంటే మూలక కార్బన్‌ను గుర్తుగా పట్టుకుంటారు. కార్మికుడి మెడ దగ్గర చిన్న ఫిల్టర్ గూడు, నడుముకు పంపు అమరుస్తారు. షిఫ్టు ముగిశాక క్వార్ట్జ్ ఫిల్టర్‌ను ప్రయోగశాలలో మొదట హీలియం వాయువులో వేడిచేస్తారు. ఇంధనం, నూనె అవశేషాల్లోని కార్బన్, అంటే సేంద్రియ కార్బన్, అప్పుడే ఆవిరై పోతుంది. ఆ తర్వాత ఆక్సిజన్ కలిపితే గాని మూలక కార్బన్ కాలదు. అలా రెండింటినీ విడదీస్తారు. సేంద్రియ కార్బన్‌ను లెక్కలోకి తీసుకుంటే డ్రిల్లింగ్ యంత్రాల నూనె తుంపర, సిగరెట్ పొగ కూడా డీజిల్ ఖాతాలో పడిపోతాయి.

బొగ్గు గనిలో ఈ పద్ధతికీ ఇబ్బందే, ఎందుకంటే అక్కడ ధూళి కూడా కార్బనే. అందుకే అమెరికాలో బొగ్గు గనులకు గాలిలో పరిమితి కాకుండా యంత్రానికే పరిమితి పెట్టారు. భారీ యంత్రాల గొట్టం నుంచి గంటకు 2.5 గ్రాములకు మించి మసి రాకూడదు. నా ఉద్దేశంలో ఇందులో ఒక మేలు కూడా ఉంది. మసి ఎక్కడ పుడుతుందో అక్కడే లెక్క అడుగుతుంది ఈ నిబంధన.

గనుల్లో తరతరాలుగా ఉన్న అలవాటు వేరు. పొగ ఎక్కువైతే గాలి ఎక్కువ పంపడం. కెనడాలోని ఒంటారియోలో ఇంజన్ శక్తిలో ప్రతి కిలోవాట్‌కు సెకనుకు 0.06 ఘనపు మీటర్ల గాలి ఇవ్వాలన్నది నియమం. 250 కిలోవాట్ల లోడర్ ఒక్కదానికే సెకనుకు 15 ఘనపు మీటర్లు కావాలన్నమాట. గాలి లేకుండా గని నడవదు, ఆ మాట నిజమే. కానీ గాలి పంపడమంటే మసిని పలచబరచడమే, తొలగించడం కాదు. ఖర్చు కూడా విపరీతం. అవే సొరంగాల గుండా గాలి ప్రవాహాన్ని రెట్టింపు చేయాలంటే ఫ్యాన్లకు 8 రెట్ల శక్తి కావాలి. మసిని సగానికి తగ్గించడానికి ఇంతకంటే ఖరీదైన దారి దొరకడం కష్టం.

చవకైన దారి చాలాసార్లు వర్క్‌షాపులోనే ఉంటుంది. గని దుమ్ముకు ఇంజన్ ఎయిర్ ఫిల్టర్ త్వరగా పూడుకుపోతుంది. ఇంధనానికి సరిపడా ఆక్సిజన్ అందదు, మసి అమాంతం పెరుగుతుంది. ఇంధనాన్ని చిమ్మే ఇంజెక్టర్ అరిగినా జరిగేది ఇదే. ఎగ్జాస్ట్ గొట్టం దగ్గర క్రమం తప్పకుండా పరీక్షిస్తే, ఉన్న యంత్రాలన్నింటిలో నాలుగైదు మాత్రమే అతిగా మసి వదులుతున్నాయని తేలడం అరుదేమీ కాదు. గంధకం దాదాపు లేని డీజిల్, ఊరికే ఇంజన్ నడిపి ఉంచకుండా ఆపే అలవాటు కూడా పనికొస్తాయి.

మసి ఫిల్టర్ వీటన్నింటికంటే శక్తిమంతమైనది. సన్నటి గొట్టాలు పక్కపక్కనే పేర్చిన పింగాణీ దిమ్మ అది. ఒక గొట్టానికి ముందు మూత, దాని పక్క గొట్టానికి వెనక మూత. పొగ గోడల్లోని సూక్ష్మ రంధ్రాల గుండా దూరి పోవాల్సిందే, మసి గోడకే అంటుకుంటుంది. మూలక కార్బన్‌లో 90 శాతానికి పైగా ఇక్కడే ఆగగలదు. అయితే పట్టుకున్న మసిని ఎప్పటికప్పుడు కాల్చేయకపోతే ఫిల్టర్ మూసుకుపోతుంది. మసి తనంతట తాను కాలాలంటే 550 నుంచి 600 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. తేలికపాటి పనుల్లో తిరిగే యంత్రం పొగ అంత వేడెక్కదు. తక్కువ వేడికే మసి కాలేలా ఫిల్టర్ మీద ప్లాటినం పూత వేస్తే మరో చిక్కు మొదలవుతుంది. అది నైట్రిక్ ఆక్సైడ్‌ను నైట్రోజన్ డయాక్సైడ్‌గా మారుస్తుంది. ఇది ఊపిరితిత్తులకు మరింత హానికరం. ఎక్కువ మోతాదులో పీల్చితే కొన్ని గంటల తర్వాత ఊపిరితిత్తుల్లోకి నీరు చేరవచ్చు. అంటే మసి తగ్గిందని సంతోషిస్తుండగానే ఇంకో విషవాయువు పెరగవచ్చు. ఫిల్టర్ ఎంచుకునే ముందు ఆ యంత్రం ఏ పని చేస్తుందో, దాని పొగ ఎంత వేడిగా ఉంటుందో కొలవకపోతే డబ్బు పోసి తలనొప్పి కొనుక్కున్నట్టే.

ఫిల్టర్ చేసిన గాలిని లోపలికి నెట్టే మూసిన క్యాబిన్ డ్రైవరుకు మంచి రక్షణ, కిటికీ తెరవనంతవరకు. నడిచి తిరిగే మెకానిక్‌కు, పేలుడు పదార్థాలు నింపేవారికి దానివల్ల ఒరిగేదేమీ లేదు. ఇక మాస్కు సంగతి. గడ్డం ఉంటే ముఖానికి అతకదు, చెమటకు జారుతుంది, మాట్లాడాలంటే తీయాలి. పొగ వదిలేది యంత్రమైతే దాన్ని ఆపే భారం మనిషి ముక్కు మీద పెట్టడం చివరి గత్యంతరంగా తప్ప సమర్థనీయం కాదు.

పొగే లేని యంత్రాలు కూడా వచ్చాయి. ఒంటారియోలోని బోర్డెన్ బంగారు గని బ్యాటరీ యంత్రాలతో నడిచేలా రూపొందింది, 2019లో వాణిజ్య ఉత్పత్తి మొదలైంది. డీజిల్ ఇంజన్ ఇంధన శక్తిలో చాలా భాగాన్ని వేడిగానే వదులుతుంది కాబట్టి, అది లేకపోతే గని చల్లబడుతుంది, పంపాల్సిన గాలి కూడా తగ్గుతుంది. దానికి బదులు బ్యాటరీ మంటల భయం కొత్తగా వచ్చింది. పాత డీజిల్ యంత్రాలను ఒక్కసారిగా పక్కన పెట్టే స్తోమత ఏ గనికీ ఉండదు. అందుకే చట్టం పెట్టే పరిమితులే ఇంకా కీలకం.

అమెరికాలో బొగ్గు కాని భూగర్భ గనులకు 2008 మే నుంచి పరిమితి, ఘనపు మీటరు గాలికి 160 మైక్రోగ్రాముల మొత్తం కార్బన్, అంటే సేంద్రియ, మూలక కార్బన్ రెండూ కలిపి. మూలక కార్బన్‌లో చెప్పాలంటే సుమారు 120. యూరోపియన్ యూనియన్ 2019లో మూలక కార్బన్‌కు 50 మైక్రోగ్రాముల పరిమితి పెట్టింది. మిగతా పని ప్రదేశాలకు 2023 ఫిబ్రవరి 21 నుంచే అమలు. భూగర్భ గనులకు, సొరంగాల నిర్మాణానికి మాత్రం పాటించడం కష్టమన్న ఉద్దేశంతో 2026 ఫిబ్రవరి 21 దాకా గడువిచ్చారు. అత్యధికంగా పొగ పీల్చేవారికే రక్షణ మూడేళ్లు ఆలస్యంగా అందేలా రాసుకున్నారు.