పప్పు తెర్లుతుంటే పెద్ద మంట దేనికి?

"సోలార్ పలకలు, ఎలక్ట్రిక్ కార్లు మా వల్ల కావు. పర్యావరణం కోసం మామూలు ఇంట్లో, మామూలు మనుషులు చెయ్యగలిగింది ఏదైనా చెప్పండి" అని ఒక పాఠకురాలు అడిగారు. గుడ్డసంచి పట్టుకెళ్ళండి, గదిలోంచి వస్తూ ఫ్యాను ఆపండి, కుళాయి కట్టేసి పళ్ళు తోముకోండి... ఈ జాబితా ఐదో తరగతి పిల్లలకి కూడా కంఠతా వచ్చు. దాన్ని నేను మళ్ళీ వల్లించను. నాకు ముచ్చటైన విషయం ఒకటుంది, దాని గురించే చెబుతాను. పప్పుగిన్నె కింద మంట.

ముందు ఒక ప్రశ్న. మూత లేని గిన్నెలో కందిపప్పు కళపెళా తెర్లుతోంది. ఇప్పుడు మంట బాగా తగ్గించి, సన్నగా మరిగేలా ఉంచితే పప్పు ఉడకడం ఆలస్యమవుతుందా? ఎవరిని అడిగినా "ఎందుకవదండీ!" అంటారు. అవదు. నీళ్ళు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి. మరగడం మొదలయ్యాక స్టవ్ మీద ఎంత మంట పెట్టినా గిన్నెలో వేడి 100 దాటదు. పప్పుగింజకి తెలిసేది తన చుట్టూ ఉన్న నీళ్ళు ఎంత వేడిగా ఉన్నాయన్నది మాత్రమే. కింద మంట ఎంతుందో దానికి పట్టదు.

మరి ఆ పెద్ద మంట ఇచ్చే వేడంతా ఎటు పోతోంది? కుళాయి కింద బిందె పెట్టామనుకోండి. నిండేదాకా కుళాయి పూర్తిగా తిప్పడం సబబే, తొందరగా నిండుతుంది. అంచుదాకా నిండాక కూడా అలాగే వదిలేస్తే? బిందెలో మట్టం వెంట్రుకవాసి పెరగదు. ఆపైన వచ్చిన ప్రతి చుక్కా పొర్లి కాలవలో కలుస్తుంది. మన వంటింట్లో బిందెలో మట్టం అంటే ఉష్ణోగ్రత, కుళాయి అంటే స్టవ్ నాబ్, పొర్లిపోయే నీళ్ళు అంటే ఆవిరి.

ఆ పొర్లింపు ఎంతో లెక్క వేస్తే కళ్ళు తిరుగుతాయి. 30 డిగ్రీల దగ్గరున్న లీటరు నీళ్ళని మరిగే దాకా తేవడానికి దాదాపు 293 కిలోజౌళ్ళు చాలు. అదే లీటరు మొత్తం ఆవిరైపోవాలంటే మరో 2,257 కిలోజౌళ్ళు పొయ్యాలి. ఏడున్నర రెట్లకి పైమాటే! నీళ్ళని ఆవిరి చెయ్యడానికి పట్టే ఈ అదనపు వేడినే గుప్తోష్ణం అంటారు. 1760ల మొదట్లో గ్లాస్గోలో జోసెఫ్ బ్లాక్ అనే శాస్త్రవేత్త దీన్ని పసిగట్టాడు. ఆయన చేసిన పని ఏ వంటింట్లోనైనా చెయ్యొచ్చు. పొయ్యి మీద నీళ్ళు పెట్టి కాలం చూశాడు. మరగడానికి నాలుగు నిమిషాలు పడితే, పూర్తిగా ఇగిరిపోవడానికి ఇరవై నిమిషాలు పట్టింది.

మనకీ బళ్ళో చెప్పారు. "మరిగే నీటి కన్నా నీటి ఆవిరి వల్ల కాలే గాయాలు ఎందుకు తీవ్రంగా ఉంటాయి?" అన్న ప్రశ్న రాని పరీక్షే ఉండదు. ఆవిరి గుప్తోష్ణం గ్రాముకి 540 కెలరీలు అని రాసి మార్కులు కొట్టేసిన మనమే, ఇంటికొచ్చి ఆ 540 కెలరీలని వంటింటి కిటికీలోంచి బయటికి తోలేస్తాం. ఆ పాఠం చెప్పిన మేష్టారయినా, టీచరమ్మయినా ఒక్కసారి పప్పుగిన్నె పేరెత్తి ఉంటే ఎంత బావుండేది!

ఇప్పుడు గ్యాసు లెక్కలోకి వద్దాం. ఇంటి స్టవ్‌లో ఒక బర్నరు పెద్ద మంట మీద 2 కిలోవాట్లు ఇస్తుందనుకుందాం. అందులో 60 శాతం గిన్నెకి చేరిందనుకుందాం, మిగతాది గిన్నె పక్కల నుంచి గాల్లోకి పోతుంది. అంటే గిన్నెకి అందేది 1.2 కిలోవాట్లు. మరగడం మొదలయ్యాక ఇదంతా ఆవిరి చెయ్యడానికే పోతుంది కాబట్టి, నిమిషానికి దాదాపు 32 గ్రాముల నీళ్ళు ఇగురుతాయి. అరగంటకి ఇంచుమించు లీటరు. పెద్ద మంట మీద పప్పు ఉడికిస్తూ మాటిమాటికీ నీళ్ళు పొయ్యాల్సి వచ్చేది ఇందుకే.

అసలు మరిగే స్థితిలో నిలబెట్టడానికి ఎంత కావాలి? మన బిందెకి సన్నటి చిల్లులున్నాయి. గిన్నె ఒంటి నుంచి, మూత నుంచి వేడి గాల్లోకి కారుతూ ఉంటుంది. మూతపెట్టిన మామూలు గిన్నెకి ఈ కారుడు 100 వాట్లకి అటూ ఇటూ ఉంటుంది. కుళాయి ఆ చిల్లులకి సరిపడా వదిలితే చాలు, మట్టం అంచు దగ్గరే నిలబడుతుంది. సిమ్‌లో పెట్టినా సుమారు 300 వాట్లు గిన్నెకి చేరతాయి కాబట్టి, మన స్టవ్‌లో అన్నిటికన్నా చిన్న మంట కూడా అవసరానికి మించినదే!

200 గ్రాముల నానబెట్టిన కందిపప్పు, 600 మిల్లీలీటర్ల నీళ్ళు, అరగంట ఉడకడం. ఎల్‌పీజీ కిలోకి 46 మెగాజౌళ్ళ చొప్పున వేస్తే, మూత లేకుండా పెద్ద మంట మీద 87 గ్రాముల గ్యాసు అవుతుంది. తెర్లగానే మూతపెట్టి సిమ్‌లోకి తిప్పితే 28 గ్రాములు. కుక్కరులో అయితే 20. ఇవి కాగితం మీద వేసిన లెక్కలు, మీ గిన్నె, మీ బర్నరు బట్టి అటూ ఇటూ అవుతాయి. కానీ నాబ్ తిప్పడంతోనే మూడింట రెండు వంతులు మిగిలింది చూశారా? రోజుకి 59 గ్రాములు మిగిలితే ఏడాదికి 21 కిలోలు, 14.2 కిలోల సిలిండరుతో చూస్తే ఒకటిన్నర. కిలో గ్యాసు కాలితే సుమారు 3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. అంటే ఒక్క పప్పు దగ్గరే 60 కిలోలకు పైగా తగ్గింది.

కుక్కరు చేసేది బిందె అంచుని ఎత్తు చెయ్యడం. 1679లో డెనిస్ పాపెన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త మొదలుపెట్టిన ఉపాయం ఇది. ఆవిరిని బయటికి పోనివ్వకుండా బిగిస్తే లోపల ఒత్తిడి వాతావరణానికి రెట్టింపవుతుంది, నీళ్ళు 120 డిగ్రీల దాకా మరగవు. వేడి 10 డిగ్రీలు పెరిగితే రసాయన చర్యల వేగం రెట్టింపన్న మోటు లెక్కన పప్పు నాలుగింతలు వేగంగా ఉడుకుతుంది. అరకులో దీనికి తలకిందులు. కొండల మీద గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి అక్కడ అంచు పొట్టిది, నీళ్ళు 97 డిగ్రీలకే మరుగుతాయి.

ఇక విజిల్ సంగతి. "మూడు విజిళ్ళు రానిచ్చి దింపెయ్యాలి" అని వంటల వీడియోలన్నీ చెబుతాయి. ఇది మన కాలపు మూఢనమ్మకం. విజిల్ గడియారం కాదు, అంచు పైకెత్తిన బిందె కూడా పొర్లిపోతోందన్న కేక. పెద్ద మంట మీద మూడు విజిళ్ళు రెండు నిమిషాల్లో వచ్చేస్తాయి, పప్పు పలుకుగానే ఉంటుంది. మొదటి విజిల్ వస్తున్నట్టు వెయిట్ కదలగానే సిమ్‌లో పెట్టి, గడియారం చూసి పది నిమిషాలు ఉంచండి. ఒక్క విజిలూ రాకపోయినా పప్పు వెన్నలా ఉడుకుతుంది. కట్టేశాక గరిటెతో వెయిట్ ఎత్తి ఆవిరి వదలడం కూడా అనవసరం. లోపల 120 డిగ్రీల దగ్గరున్న పప్పు ఒక్కసారిగా 100కి పడిపోతుంది, 30 గ్రాముల ఆవిరి ఊరికే పోతుంది. దాన్నలా వదిలేస్తే చల్లారే లోపు ఉచితంగా ఇంకాస్త ఉడుకుతుంది.

ఎంతసేపు ఉడకాలన్నది గింజ లోపలి రసాయనశాస్త్రం మీద ఉంటుంది. కణానికీ కణానికీ మధ్య జిగురులా ఉండేది పెక్టిన్. ఉడకడమంటే ఆ పెక్టిన్ గొలుసులు తెగి కరగడం. కాల్షియం అయాన్లు రెండు గొలుసుల మధ్య వంతెనలు కట్టి వాటిని పట్టి ఉంచుతాయి. బోరు నీళ్ళలో పప్పు ఉడకదని మన పల్లెల్లో అనేది ఇందుకే, ఆ నీళ్ళలో కాల్షియం ఎక్కువ. మరిగేటప్పుడు పెక్టిన్‌ని తెంచే బీటా ఎలిమినేషన్ అనే చర్య ఆమ్లంలో నెమ్మదిస్తుంది, క్షారంలో ఊపందుకుంటుంది. అందుకే పప్పు మెదిగాకే చింతపండు పులుసు పొయ్యాలన్న అమ్మమ్మల మాట అక్షరాలా నిజం. చిటికెడు వంటసోడా వేస్తే త్వరగా మెత్తబడేదీ ఇందుకే, కాకపోతే బి1 విటమిన్ పోతుంది. ముందే ఉప్పు వేస్తే పప్పు ఉడకదన్న మాట మాత్రం తప్పు. నానబెట్టిన నీళ్ళలో ఉప్పు వేస్తే సోడియం వెళ్ళి కాల్షియం స్థానంలో కూర్చుంటుంది, గింజ ఇంకా త్వరగా మెత్తబడుతుంది. పప్పు రకాన్ని బట్టి కూడా తేడా ఉంటుంది. 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చిన తాండూరు కందిపప్పుకి ఇట్టే ఉడుకుతుందన్న పేరుంది.

అన్నం ఇంకా సులువు. బియ్యంలోని పిండిపదార్థం 80 డిగ్రీల లోపే ఉబ్బి మెత్తబడుతుంది, 100 దాకా అక్కర్లేదు. అరగంట నానబెట్టి, అత్తెసరు పెట్టి, నీళ్ళు బియ్యంతో సమంగా దిగగానే మూతపెట్టి మంట కట్టెయ్యొచ్చు. గిన్నెకి మందపాటి దుప్పటి చుడితే బిందె చిల్లులు మూసినట్టే, అన్నం తనంతట తాను పొడిపొడిగా తయారవుతుంది. పూర్వం గంజి వార్చి నివురుగప్పిన నిప్పుల మీద దబర ఉంచిందీ ఈ లెక్కనే. ఒక్క జాగ్రత్త. దుప్పట్లో ఉంది కదా అని సాయంత్రం దాకా వదలకండి. 60 డిగ్రీల కిందికి దిగి గోరువెచ్చగా ఉన్న అన్నంలో బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా పెరుగుతుంది. అది విడిచే విషం మళ్ళీ వేడి చేసినా పోదు. గంటలోపు గిన్నె బయటికి తీసి వడ్డించెయ్యండి.