రబ్బరు ఎటు ఒరిగితే ప్లస్? షియర్ స్ట్రెయిన్ గుర్తు గోల

మామూలు స్ట్రెయిన్‌తో, అంటే ఉన్న పొడవులో ఎంత వంతు మారిందో చెప్పే లెక్కతో, ఎవరికీ పేచీ ఉండదు, సాగితే ప్లస్, కుంచించుకుంటే మైనస్, అయిపోయింది. బీటెక్ సివిల్ పిల్లలైనా మెకానికల్ పిల్లలైనా జుట్టు పీక్కునేది షియర్ స్ట్రెయిన్ దగ్గరే, ఎందుకంటే అక్కడ మనం కొలిచేది పొడవు కాదు, మూల. లంబంగా ఉన్న రెండు గీతల మధ్య 90 డిగ్రీలు ఎంత చెడిందో రేడియన్లలో చెప్పేదే షియర్ స్ట్రెయిన్, దాన్ని గామా అనే అక్షరంతో రాస్తారు.

పుస్తకంలో బొమ్మ కంటే బ్రిడ్జి కింద బేరింగ్ చూస్తే త్వరగా ఎక్కుతుంది. గర్డర్లు, అంటే పొడవాటి దూలాలు, పెట్టి కట్టిన చాలా బ్రిడ్జిల్లో పిల్లర్ తలకీ గర్డర్‌కీ మధ్య నల్లటి రబ్బరు దిమ్మ ఒకటి ఉంటుంది, లోపల పల్చటి స్టీల్ ప్లేట్లు పొరలుపొరలుగా ఉంటాయి. మన బెజవాడ ఎండకి గర్డర్ సాగుతుంది కదా, 30 మీటర్ల కాంక్రీట్ గర్డర్ 25 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 9 మిల్లీమీటర్లు పెరుగుతుంది, అవతలి కొస కదలకుండా బిగించి ఉంటే ఆ 9 మిల్లీమీటర్లూ ఇవతలి బేరింగే భరించాలి. రబ్బరు మొత్తం మందం 30 మిల్లీమీటర్లు అనుకుంటే 9 బై 30, అంటే గామా 0.3, దగ్గరదగ్గర 17 డిగ్రీలు ఒరిగినట్టు. రబ్బరు కాబట్టి తట్టుకుంటుంది, కాంక్రీట్‌కి అందులో వెయ్యో వంతు వచ్చినా కష్టమే.

ఇప్పుడు గుర్తు సంగతి. ఎక్స్ కుడికి, వై పైకి అనుకోండి. రబ్బరు పైభాగం కుడికి జరిగితే కింద ఎడమ మూల 90 కంటే తగ్గుతుంది, కింద కుడి మూల 90 కంటే పెరుగుతుంది. నాలుగు మూలల్లో రెండు తగ్గి రెండు పెరుగుతాయి, మరి దేన్ని చూడాలి? ప్లస్ ఎక్స్, ప్లస్ వై రెండూ బయల్దేరే మూలని, అంటే కింద ఎడమ మూలని. అది తగ్గితే ప్లస్, పెరిగితే మైనస్. తగ్గడానికి ప్లస్ ఏంటి అని చాలామందికి చిరాకు, నిజమే, వినడానికి తిక్కగానే ఉంటుంది, కానీ కుడి పక్క ముఖం మీద పైకి, పై ముఖం మీద కుడికి పనిచేసే షియర్ స్ట్రెస్‌ని, అంటే ముఖం వెంబడి చదరానికి ఇంత అని తోసే బలాన్ని, ముందే ప్లస్ అనేసుకున్నాం, ఆ స్ట్రెస్ ఆ మూలని మూసేస్తుంది, కాబట్టి స్ట్రెస్ ప్లస్ అయితే స్ట్రెయిన్ కూడా ప్లస్ రావాలంటే ఇదొక్కటే దారి. లేకపోతే టౌ ఈక్వల్‌టు జి గామా (టౌ అంటే ఆ షియర్ స్ట్రెస్, జి అంటే పదార్థం షియర్‌కి ఎంత గట్టిగా నిలబడుతుందో చెప్పే అంకె) అన్న చోట ఊరికే ఒక మైనస్ మోసుకు తిరగాలి.

ఇంకో తమాషా ఉంది. ఈ బ్రిడ్జి హైవే మీదే ఉందనుకోండి, ఒక సర్వీస్ రోడ్డు నుంచి చూసేవాడికి కుడి అంటే ఏలూరు వైపు, అవతలి సర్వీస్ రోడ్డు నుంచి చూసేవాడికి కుడి అంటే గుంటూరు వైపు. ఇద్దరూ ఎవరి కుడికి వాళ్లు ఎక్స్ గీసుకుంటే అదే బేరింగ్, అదే ఒరగడం, ఒకడికి ప్లస్ 0.3, ఇంకొకడికి మైనస్ 0.3. ఇద్దరూ కరెక్టే. ఒక యాక్సిస్ తిప్పితే గుర్తు మారుతుంది, రెండూ తిప్పితే మారదు. మొత్తం దిమ్మ చెక్కుచెదరకుండా కొంచెం తిరిగితే మాత్రం మూల 90 లోనే ఉంటుంది కాబట్టి షియర్ సున్నా, ఎంత ఒరిగినట్టు కనిపించినా సరే.

అలాగని గుర్తు ఉత్త అలంకారం అనుకోకండి. పునాదికి ముగ్గు పోసేటప్పుడు మేస్త్రి టేపు ఐమూలగా అటూ ఇటూ పట్టి రెండు కొలతలూ ఒకటేనా అని చూస్తాడు కదా, తేడా వచ్చిందంటే మూల చెడినట్టే. షియర్ కూడా అంతే, ఒక ఐమూలని సాగదీసి రెండోదాన్ని కుదిస్తుంది, చిన్న స్ట్రెయిన్ అయితే చతురస్రంలో చెరో గామా బై 2. ప్లస్ అయితే కింద ఎడమ నుంచి పై కుడికి వెళ్లే గీత సాగుతుంది. కాంక్రీట్ సుమారు 0.0001 సాగితేనే పగులుతుంది, ఆ పగులు సాగే గీతకి అడ్డంగా వస్తుంది, అంటే పై ఎడమ నుంచి కింద కుడికి. మైనస్ అయితే పగులు రెండో వైపుకి. భూకంపంలో గోడ అటూ ఇటూ ఊగుతుంటే గుర్తు మారుతూనే ఉంటుంది, అందుకే కిటికీల మధ్య గోడల మీద ఇంటూ మార్కు కొట్టినట్టు రెండు వైపులా పగుళ్లు కనిపిస్తాయి.

ల్యాబ్‌లో గామాని కొలిచేది కూడా ఇలాగే, కోణమానిని పెట్టి కాదు. 0, 45, 90 డిగ్రీల్లో సాగుదలని కొలిచే మూడు స్ట్రెయిన్ గేజ్‌లు అతికిస్తారు. 45 రీడింగ్‌ని రెట్టింపు చేసి మిగతా రెండింటి మొత్తం తీసేస్తే గామా వస్తుంది. 0లో 100 మైక్రో (అంటే పది లక్షల్లో 100 వంతులు), 90లో మైనస్ 40, 45లో 180 వచ్చాయనుకోండి, 360లోంచి 60 పోతే 300, ప్లస్. అదే మధ్య గేజ్‌ని ఎవరైనా చూసుకోకుండా 135 వైపు అతికించేస్తే అది 180 బదులు మైనస్ 120 చూపిస్తుంది, ఫార్ములాలో వేస్తే మైనస్ 300 వస్తుంది, సైజు కరెక్టే, గుర్తు మాత్రం తలకిందులు. రిపోర్ట్ చూసినవాడు పగులు కోసం రెండో ఐమూల మీద వెతుకుతూ కూర్చుంటాడు.