గట్టు మీద నడిచొచ్చే చేపలు

మా బావమరిది ఉద్యోగం మీద డర్బన్ వెళ్లి రెండేళ్లయింది. జూన్‌లో ఒకరోజు ఫోన్ చేసి, "బావా, ఇవాళ బీచ్‌లో ఈతకి దిగనివ్వలేదు. సార్డిన్లొచ్చాయట, షార్కుల కోసం కట్టిన వలలు తీసేశారట. ఆ చేపలకీ నా ఈతకీ సంబంధమేంటి?" అన్నాడు.

డర్బన్ ఉన్నది దక్షిణాఫ్రికాలోని క్వాజులు-నటాల్ రాష్ట్రంలో. నటాల్ పేరు మనకి పాతదే. 1860 నవంబరులో మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ చెరకుతోటల కూలీలను దించింది అక్కడే. తర్వాతి ఓడల్లో తెలుగువాళ్లూ వేలమంది వెళ్లారు. టూరిస్టులకైతే ఖడ్గమృగాలు, సెయింట్ లూసియా నీటిగుర్రాలు, డ్రాకెన్స్‌బర్గ్ కొండగుహల్లో అక్కడి ఆదివాసులైన సాన్ జనం గీసిన బొమ్మలు. అన్నీ చూడదగ్గవే. నా కళ్లు మాత్రం ఈ చేపల మీదే.

వాడి ప్రశ్నకి జవాబు చిన్నదే. చేపల వెంట షార్కులు, డాల్ఫిన్లు వస్తాయి. వల ఉంటే అందులో చిక్కుకుని చస్తాయి. అందుకే వలలు ఎత్తేస్తారు, వల లేని నీళ్లలోకి మనిషిని దిగనివ్వరు.

అసలు ప్రశ్న వాడు అడగలేదు. సార్డిన్లంటే మన ఉత్తరాంధ్ర జాలర్లు కవళ్లు అనే చేపల బంధువులే. మన నూనె కవళ్లకి వెచ్చటి నీళ్లు అలవాటు. వీటికి 14 నుంచి 20 డిగ్రీల చల్లదనం కావాలి. మరి డర్బన్ ముందు పారేది అగల్హాస్ ప్రవాహం. ఉత్తరం నుంచి వెచ్చటి నీళ్లను మోసుకుంటూ, కొన్నిచోట్ల సెకనుకు రెండు మీటర్ల వేగంతో నైరుతికి ఉరుకుతుంది. మన కోస్తా ముందున్న ప్రవాహం రుతువుని బట్టి దిశ మార్చుకుంటుంది, ఇది మార్చుకోదు. చేపలేమో దేశం దక్షిణ కొసనున్న కేప్ వైపు నుంచి ఈశాన్యానికి రావాలి. ఎదురు నీళ్లు, పైగా వేడి! మరి ఎలా వస్తాయి?

కాలవ నిండుగా పారుతుంటే మనం గట్టు మీద నడుస్తాం కదా, అవీ అదే చేస్తాయి. చలికాలంలో, అంటే అక్కడ జూన్, జూలైల్లో, తీరాన్ని ఆనుకుని ఒక చల్లటి నీటి పట్టీ ఏర్పడుతుంది. అదే గట్టు. ఎడమవైపు నేల, కుడివైపు వేడి ప్రవాహం. డర్బన్‌కి దక్షిణాన, చేపల దారిలో ఉన్న పోర్ట్ సెయింట్ జాన్స్ ఊరి దగ్గర సముద్రగర్భం ఒడ్డుకి దగ్గర్లోనే లోతుల్లోకి దిగిపోతుంది కాబట్టి ప్రవాహం తీరాన్ని రాసుకుంటూ పోతుంది. గట్టు అక్కడ బాగా సన్నం. అది తెగిన ఏడాది డర్బన్‌లో బుట్టలు ఖాళీ. ఒక్కోసారి ప్రవాహం తీరానికి దూరంగా మెలిక తిరుగుతుంది, ఆ మెలిక రోజుకు సుమారు 20 కిలోమీటర్ల చొప్పున దిగువకి జారుతుంది. మెలికకీ తీరానికీ మధ్య నీళ్లు సుడి తిరిగి, అడుగునున్న చల్లటి నీళ్లు పైకి లేస్తాయి, ఒడ్డు పక్కన ఉత్తరానికి కూడా పారతాయి. అప్పుడు గట్టు వెడల్పవుతుంది, వెనక నుంచి తోసేవాడూ దొరికినట్టే.

ఇంత కష్టపడి వచ్చి ఏం బావుకుంటాయి? స్కూల్లో మాకు వలస అంటే తిండి కోసమో పిల్లల కోసమో అని చెప్పి సరిపెట్టారు. నేనూ ట్యూషన్లో అదే చెప్పాను. 2021లో వచ్చిన జన్యు పరిశోధన వేరే మాట చెప్పింది. ఈ గుంపుల్లో ఎక్కువ భాగం అట్లాంటిక్ వైపు చల్లటి నీళ్లకి అలవాటుపడ్డ చేపలేనట. ఆగ్నేయ తీరంలో కాసేపు పైకి లేచిన చల్లటి నీళ్లను చూసి మన ఊరే అనుకుని దిగుతాయి. ఆ చల్లదనం పోయాక అటు వేడి, ఇటు నేల. ముందుకి నడవడం తప్ప దారి లేదు. మంచుయుగంలో ఆ నీళ్లు చల్లగా ఉన్నప్పుడు పిల్లల్ని పెంచిన చోటికే ఇప్పటికీ పోతున్నాయేమో అని ఆ శాస్త్రవేత్తల ఊహ.

లాభం మిగతావాళ్లది. డాల్ఫిన్లు కింద నుంచి తరిమి ఒక గుంపుని విడదీస్తాయి. ప్రతి చేపా నడిమధ్యకి దూరాలని చూడటంతో గుంపు బంతిలా బిగుసుకుంటుంది. పైనుంచి కేప్ గానెట్ పక్షి రెక్కలు వెనక్కి మడిచి బాణంలా దూకుతుంది. దాని ముక్కుకి బయట రంధ్రాలుండవు, నీళ్లు లోపలికి పోకుండా. ముఖం మీదా రొమ్ము మీదా చర్మం కింద గాలి సంచులు, నీటి దెబ్బ తగలకుండా. షార్కులు పక్కల నుంచి కొరుకుతాయి. చాలాసార్లు పది నిమిషాల్లో బంతి మాయం, నీళ్లలో పొలుసులు మెరుస్తుంటాయి.

తప్పించుకున్నవాటి కోసం ఒడ్డున పెద్ద వలలు, బకెట్లు, కొంగులు. గానెట్లు ఎక్కడ మూగితే జాలర్లు అటు పరుగు. దాన్ని శకునం అనకండి, లెక్క. తొలి బుట్టకి ధర మండిపోతుంది, చేపలు ఒడ్డుకి పోటెత్తాక అదే బుట్ట చవక. మా బావమరిది తొలిరోజే కొన్నాడు. పులుసు పెట్టి, ముళ్లెక్కువ బావా అని మళ్లీ ఫోన్ చేశాడు.