ఎక్కే మెట్లు దిగే మెట్లయ్యాక

కర్నూలు పాతబస్తీలో మా జేజి ఇంట్లోకి పోవాలంటే ఒకప్పుడు వీధిలోంచి మూడు మెట్లు ఎక్కాలి. ఇప్పుడు రెండు మెట్లు దిగాలి. ఇల్లేమీ కుంగలేదు, వీధే లేచింది. మట్టి బాట మీద కంకర, కంకర మీద తారు, తారు మీద సిమెంటు. పాతది తవ్వకుండా కొత్తది పోసుకుంటూ వచ్చారు. మన మేస్త్రీలు 'బేస్‌మట్టం' అనేది నేల మీద లేపిన ఇంటి పునాది ఎత్తును. ఇంగ్లీషులో అదే మాటకు నేలమాళిగ అని అర్థం. మా ఇంటికి మాత్రం ఇప్పుడు రెండర్థాలూ సరిపోతాయి.

వీధి వైపు గదిలో గోడ మోకాలెత్తు దాకా నల్లబడి, పైన తెల్లటి నూగు పూసేది. వేలితో రుద్దితే పిండిలా రాలేది. కరువు సీమలో గోడకు నెమ్మేమిటని నవ్వేవాళ్లూ ఉన్నారు. నిజమే, అనంతపురంలో ఏడాదికి కురిసేదే సుమారు 550 మి.మీ., మా దగ్గర కాస్త ఎక్కువ. కానీ వెయ్యి చదరపు అడుగుల మిద్దె మీద ఒక్క రాత్రి 50 మి.మీ. పడితే పోగయ్యేది దాదాపు 4,600 లీటర్లు. అంటే ఇంచుమించు ఒక ట్యాంకర్. అదంతా రెండు తూముల గుండా గోడ మొదట్లోనే దిగితే ఏడాది వర్షపాతం ఎంతన్న లెక్క గోడకెందుకు?

మొదట వచ్చిన మేస్త్రీ నాలుగడుగుల ఎత్తు దాకా పాత గచ్చు కొట్టేసి, వాటర్‌ప్రూఫ్ మందు కలిపిన సిమెంటు పూశాడు. ఏడాది పాటు గోడ అద్దంలా ఉంది. రెండో ఏడు నెమ్ము అయిదడుగుల దగ్గర, సిమెంటు అంచు పైన తేలింది. డబ్బు పోయిన బాధ కంటే, కింద ఉండాల్సిన తడి అంత పైకి ఎట్లా పాకిందన్నదే నన్ను ఎక్కువ తొలిచింది.

ప్రమిదలో వత్తి నూనె పీల్చినట్టే గోడ నీళ్లు పీల్చుతుంది. రంధ్రం ఎంత సన్నగా ఉంటే నీరు అంత పైకి ఎక్కుతుంది. మిల్లీమీటరులో నూరో వంతు వ్యాసార్ధం ఉన్న రంధ్రంలో లెక్క ప్రకారం మీటరున్నర ఎక్కగలదు. అయితే ఎక్కుతున్నంతసేపూ గోడ ముఖం నుంచి ఆరిపోతూ ఉంటుంది కాబట్టి, వచ్చే నీరూ ఆరే నీరూ సమానమైన చోట తడి ఆగుతుంది. ఆ చోటే గోడ మీద కనిపించే నల్ల గీత. మట్టి అడుసుతో పేర్చిన రాతి గోడ మీద గానుగ సున్నపు గచ్చు ఉన్నంతకాలం మోకాలి దగ్గరే సమతూకం కుదిరింది. సిమెంటు ఆ దారి మూసేసింది. ఆరే చోటు దొరక్క నీరు సిమెంటు దాటి పైకి పోయింది. బండల నేల మీద టైల్స్ పరిచినా ఇదే తంతు. బండల సందుల్లోంచి ఆరిపోయే తడి గోడల వైపు మళ్లుతుంది.

రెండో మేస్త్రీ ముసలాయన. గోడ వైపు చూడకుండా అరుగు మీద కూర్చుని, "నెమ్ము ఎప్పుడొస్తాదో నువ్వు చెప్పక్కా, యాడ నుంచొస్తాదో నేను చెప్తా" అన్నాడు. ఎప్పుడని ఎవరికి గుర్తు? పెన్సిలు తీసుకుని తడి అంచున గీత గీసి పక్కన తేదీ రాయడం మొదలుపెట్టాను. పక్షానికొక గీత. ఆ ఏడాది మా గోడ పిల్లల ఎత్తు కొలిచే గోడలా తయారైంది.

వీధి వైపు గీత ఏప్రిల్, మే నెలల్లో నాలుగు వేళ్లు దిగింది, పెద్ద వాన పడిన రెండో రోజుకల్లా పైకెగబాకింది. అంటే అది వాన నీళ్ల పనే. పెరటి వైపు గోడకు ఎండాకాలమూ వానాకాలమూ ఒకటే. అక్కడ రాత్రి కొళాయిలన్నీ కట్టేసి ట్యాంకులో నీటి మట్టానికి గుర్తు పెట్టి తెల్లారి చూస్తే తగ్గలేదు, కాబట్టి మంచినీళ్ల పైపు కాదు. బట్టలకు పెట్టే నీలం బకెట్లో చిక్కగా కలిపి స్నానాల గది తూములో పోశాం. మూడో నాటికి గోడ మొదట్లో లేత నీలం. పగిలిన పైపు ముక్క మార్చడానికి ఒక పూట పట్టింది.

చుట్టుపక్కల వాళ్ల అనుమానమంతా కె.సి. కాలువ మీద. సుంకేసుల నుంచి కడప వైపు పోయే ఆ కాలువకు నీళ్లు వదిలినప్పుడు దగ్గరి బావుల్లో ఊట పెరగడం నిజమే. మా చేదబావిలో తాడు వేసి చూస్తే కాలువ నిండుగా పారే రోజుల్లో కూడా నీళ్లు పద్దెనిమిది అడుగుల లోతున ఉన్నాయి. పైగా కాలువ కట్టేసినప్పుడూ వదిలినప్పుడూ గోడ గీతలో తేడా లేదు. కాలువ నిర్దోషి.

తేలనిది ఇంకొకటి మిగిలింది. ఆగస్టులో చినుకు పడకుండా మబ్బు పట్టి ఉక్కపోసిన రోజుల్లో నడిగోడ మీద నల్ల మచ్చలు తేలేవి, ఎండ కాస్తే మాయమయ్యేవి. గాలిలో తేమ చల్లటి గోడ తగిలి మంచులా పడుతోందని ఒకరన్నారు. చలి దేశాల నేలమాళిగల్లో జరిగేది అదే. మన దగ్గర నేల కాస్త లోతున ఏడాది సగటు వేడి దగ్గర, అంటే 28 డిగ్రీల చుట్టూ ఉంటుంది. 30 డిగ్రీల గాలిలో తేమ 70 శాతం ఉన్నా, అది నీటిబొట్లుగా మారడానికి గోడ 24 డిగ్రీలకు చల్లబడాలి. అయినా వంటింటి అల్యూమినియం రేకు ముక్కను నాలుగు అంచులా టేపుతో గోడకు అంటించి రెండు రోజులు ఉంచాను. గది వైపు పొడిగానే ఉంది, కాబట్టి మంచు కాదు. లోపలి వైపు కాస్త మసక బారిందే కానీ బొట్టు కట్టలేదు. కింది నుంచి నీరు ఎక్కే గోడైతే చెమటలు కారి ఉండేది.

మేస్త్రీ నూగును వేలికి అద్దుకుని నాలుక మీద పెట్టుకున్నాడు (మీరు ఆ పని చేయకండి). "ఈడ ఎనుములు కట్టేటోళ్లా?" అని అడిగాడు. జేజి కాలంలో ఆ గోడ అవతల గాడిపాడు ఉండేది. పశువుల మూత్రం మట్టిలో మురిగి నైట్రేట్ లవణాలవుతుంది, వెనకటికి ఇలాంటి పాత గోడల మట్టి నుంచే సురేకారం తీసేవాళ్లు. కాల్షియం నైట్రేట్ అయితే గాలిలో తేమ 50 శాతం దాటితే చాలు, దాన్ని పీల్చి తానే కరుగుతుంది. మామూలు ఉప్పుకు 75 శాతం కావాలి, ముసురు రోజుల్లో కల్లుప్పు జాడీ చెమర్చేది అందుకే. 2009 అక్టోబరు వరదలో తుంగభద్ర, హంద్రీ కలిసి పాతబస్తీని ముంచినప్పుడు మురుగు నీళ్లు గోడల్లోకి ఇంకాయి, అవి వదిలిపోయిన ఉప్పు కూడా ఇందులో ఉండే ఉంటుంది. ఈ గోడకు నీళ్లు ఎక్కడి నుంచీ రావడం లేదు, గాలిని తాగుతోంది అంతే.

మట్టి మిద్దెల మీద మనవాళ్లు ఏటా వానలకు ముందు పరిచే చౌడూ ఉప్పు మట్టే కదా! అక్కడ చౌడులోని సోడియం బంకమట్టి రేణువులను విడదీస్తుంది. తడవగానే అవి ఉబ్బి సందులన్నీ పూడ్చేస్తాయి, నీళ్లు దిగవు. ఉప్పు మిద్దెను కాపాడి గోడను తింటుందన్న మాట.

మరమ్మతులో తెలివి కంటే ఓపికే ఎక్కువ ఖర్చయింది. తూములకు పైపులు తగిలించి నీళ్లను గోడకు దూరంగా కాలువలో కలిపాం. పెరట్లో గోడకు అడుగు ఎడంగా, పునాది అడుగు కంటే లోతు పోకుండా, వాలుగా కందకం తీసి కంకర నింపాం. వీధి వైపు తవ్వనివ్వరు కాబట్టి అక్కడ అరుగు అంచున చిన్న సిమెంటు కట్టతో సరిపెట్టాం, అది సగం పనే. లోపల సిమెంటు మొత్తం చెక్కేసి, ఉప్పును కడగకుండా పొడి బ్రష్‌తో దులిపి ఎత్తి పారబోశాం. కడిగితే కరిగి మళ్లీ గోడలోకే పోతుంది. గోడకు రంధ్రాలు పెట్టి మందు ఎక్కిస్తామని కూడా ఒకరొచ్చారు. రాళ్ల మధ్య మట్టి నింపిన గోడలో ఆ మందు ఎటు పోతుందో ఎవరూ చెప్పలేరు, వద్దన్నాను.

నేల బండ ఒకటి కదులుతుంటే ఎత్తి చూశాం. కింద జొన్నల పాతర, నోరు రాయితో మూసి ఉంది. విషవాయువు ఉంటుందని రోజంతా తెరిచి పెట్టాకే లోపలికి టార్చి కొట్టాం. అడుగున నల్లబడిన గడ్డి. ఏళ్ల తరబడి గింజ దాచిన చోటు తడిగా ఉండే అవకాశమే లేదు. "పాత ఇల్లు, నెమ్మెక్కదా మరి" అనేవాళ్లకు అప్పటి నుంచి పాతర చూపిస్తున్నాను.

గోడ ఎండడానికి మందం అంగుళానికి నెల చొప్పున మోటు లెక్క ఒకటుంది. మాది మూరెడు గోడ, పద్దెనిమిది అంగుళాలు. రాళ్లు బయటపడిన గదిలో చుట్టాలను కూర్చోబెట్టడం జేజికి నామోషీ. సున్నం గచ్చు ఎప్పుడు పూస్తావని మేస్త్రీని నిలదీసింది. ఆయన పెన్సిలు గీతల దగ్గర వంగి, ఆఖరి రెండింటి మధ్య బెత్తెడు కొలిచి, "ఇంకో ఎండాకాలం పోనీమ్మా" అన్నాడు.