రోడ్డు పడితే జన్యువులూ చీలతాయి

రోడ్లు, జలాశయాలు అడవిని ముక్కలు చేసి జంతువుల గుంపులను విడదీస్తే, వాటి సంఖ్య తగ్గిందని లెక్కల్లో తేలేలోపే వాటి జన్యువుల్లో నష్టం మొదలైపోతుంది. ఎలుకల్లాంటి చిన్న జీవుల్లో ఇది మరీ త్వరగా జరుగుతుంది. గబగబా పిల్లల్ని పెడతాయి కదా, వాటికేం ఢోకా లేదనుకుంటాం. కానీ జన్యు రకాలు (ఒకే జన్యువుకు ఉండే వేర్వేరు రూపాలు) పోయే వేగాన్ని తరాల్లో కొలవాలి. ఏడాదిలోనే తరం మారిపోయే జంతువుకు ఇరవై ఏళ్లంటే చాలా కాలం.

గుంపు చిన్నదైతే, ఏ జంతువు పిల్లలు బతికాయన్న అదృష్టం వల్లే కొన్ని జన్యు రకాలు శాశ్వతంగా మాయమవుతాయని అమెరికా జన్యు శాస్త్రవేత్త స్యూవల్ రైట్ 1931లోనే గణితంతో చూపించారు. దాన్ని అడవిలో వివరంగా కొలవడానికి దశాబ్దాలు పట్టింది. 1980ల చివర్లో డీఎన్‌ఏలో మళ్లీ మళ్లీ వచ్చే చిన్న వరుసలను పోల్చే మైక్రోశాటిలైట్ పరీక్షలు వచ్చాక, చెవి అంచు నుంచి తీసిన చిన్న ముక్క చాలు అన్న పరిస్థితి ఏర్పడింది.

2000లో వెలువడిన ఒక అధ్యయనం నాకు చాలా స్పష్టమైన రుజువుగా కనిపిస్తుంది. జర్మనీ, స్విట్జర్లాండ్‌లలో బ్యాంక్ వోల్ అనే ఎలుకలాంటి జంతువును పరీక్షించారు. పల్లె రోడ్డుకు, రైలు పట్టాలకు అటూ ఇటూ ఉన్నవాటి మధ్య చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. హైవేకి రెండు పక్కలా ఉన్నవి మాత్రం జన్యుపరంగా వేరుపడ్డాయి.

గుంపులు విడిపోతే కొన్నిసార్లు జాతులే పోతాయి. థాయిలాండ్‌లో 1980ల్లో చ్యూ లార్న్ జలాశయం నిండి అడవి కొండలు దీవులుగా మిగిలాయి. పాతికేళ్లలో ఆ దీవుల మీది స్థానిక చిన్న క్షీరదాలు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. బయటి నుంచి చొరబడ్డ ఒక ఎలుక జాతికీ ఇందులో పాత్ర ఉంది.

ఇక ఆస్ట్రేలియాలోని మౌంట్ బులర్ అనే పర్వతం. అక్కడి రాళ్ల గుట్టల సందుల్లో, మంచు కింద చలికాలమంతా నిద్రపోయే పర్వత పిగ్మీ పోసమ్‌లున్నాయి. ఇవి కంగారూల్లా పిల్లల్ని సంచిలో పెంచే బుల్లి జంతువులు. ఒక్కోటి సుమారు 45 గ్రాములు. దాదాపు 20 వేల ఏళ్లుగా ఈ గుంపు మిగతావాటికి దూరంగానే ఉంది, అయినా బతికింది. స్కీయింగ్ కోసం వాలులను చదును చేశారు, నక్కలు, పిల్లుల బెడద తోడైంది. 1996లో గుర్తించిన ఈ గుంపు తర్వాతి పదేళ్లలో జన్యు వైవిధ్యంలో సుమారు మూడింట రెండు వంతులు పోగొట్టుకుంది. విడిగా ఉండటం ఒక్కటే చంపదు. విడిపోయిన గుంపు చిన్నదైపోతేనే ప్రాణం మీదికి వస్తుంది. ఈ తేడాను తగినంతగా పట్టించుకోవడం లేదన్నది నా బాధ.

2011 నుంచి మౌంట్ హోథమ్ అనే మరో పర్వత ప్రాంతపు మగవాటిని తెచ్చి ఇక్కడ వదిలారు. అంతకాలం వేరుగా ఉన్నవాటిని కలిపితే పిల్లలు బలహీనంగా పుడతాయేమోనన్న టెన్షన్ ఇలాంటి ప్రయత్నాల్లో ఎప్పుడూ ఉండేదే. అలా జరగలేదు. సంకర సంతానం ఇంకా పెద్దగా పెరిగింది, ఆడవి ఎక్కువ పిల్లల్ని కన్నాయి, గుంపు మళ్లీ కోలుకుంది. ఆవాసాన్ని బాగుచేయడం, నక్కలను, పిల్లులను అదుపు చేయడం కూడా దీంతోపాటే నడిచాయి కాబట్టి ఘనతంతా కొత్త జన్యువులకే కట్టబెట్టకూడదు.